చికొనెంగ్ ముక్కుపురుగు

జావా దీవి పడమటి కొండల్లో, సుకలయు ఊళ్ళో తేయాకు పరిశోధన కేంద్రం వెనకాల, ఒక పొడుగాటి పెంకుటింట్లో పురుగుల మ్యూజియం ఉంది. ఇమాస్ అందులో ముప్ఫయ్యేడేళ్ళు పనిచేసింది. ఆమె పని చీటీలు రాయడం. పట్టుకొచ్చిన పురుగును పిన్నుకు గుచ్చి నిలబెడతారు. అదే పిన్నుకు, పురుగు కింద, వేలిగోరంత కాగితం ముక్క గుచ్చుతారు. ఏ ఊళ్ళో దొరికింది, ఏ తేదీన, ఎవరు పట్టారు, ఈ మూడూ ఆ ముక్క మీద పట్టాలి. అంటే అక్షరం ఆవగింజంత ఉండాలి.

ఇమాస్ అమ్మా నాన్నా తేయాకు కోసే కూలీలు. ఆమె కూడా బుట్ట వీపున తగిలించుకుని ఆ కొండవాలు మీదే ముసలిదై ఉండేది. కానీ చేతిరాత ముత్యాల్లా ఉండేది. తోట మేస్త్రీ కూతురి పెళ్ళి పిలుపుల మీద పేర్లన్నీ ఆమే రాసింది. అందులో ఒక పిలుపు మాంగ్ సర్మద్‌కి వెళ్ళింది. ఆయన మ్యూజియానికి పురుగులు పట్టి తెచ్చే మనిషి. ఊరందరికీ బాబాయి వరసే, అందుకే ఎవరు పిలిచినా మాంగ్ అనే పిలిచేవారు. పిలుపు చదివినాయన పెళ్ళికి వెళ్ళలేదు, పిలుపు రాసిన పిల్లను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఇంతకంటే చిన్నగా రాయగలవా?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"రాస్తాను మాంగ్."

"ఇంకా చిన్నగా?"

"రాస్తాను గానీ, మరి చదివేదెవరు?"

"చదివేవాడు భూతద్దం తెచ్చుకుంటాడులే. ఆ దిగులు నీకెందుకు?"

అప్పటికి ఆమెకు ఇరవయ్యేళ్ళు. మర్నాటి నుంచి సన్నటి పాళీ కలం, సిరాబుడ్డి, కలరా ఉండల వాసన ఆమె బతుకులోకి వచ్చాయి. ఆ వాసన ఎంత ఉతికినా పోయేది కాదు. ఉండాంగ్ అనే వ్యాను డ్రైవరు ఆమెను మొదటిసారి ఎక్కించుకున్న రోజు, అద్దంలోంచి చూసి, "ఏమ్మా, మీ ఇంటి బీరువా కూడా వెనకాలే వస్తోందా?" అని అడిగాడు. ఇమాస్ దిగేటప్పుడు ఆ వ్యాను తలుపు గట్టిగా వేసి వెళ్ళింది. మూడు నెలలకి అతన్నే పెళ్ళి చేసుకుంది.

అత్తవారింట వాళ్ళూ బాగానే ఆడుకునేవారు. "బియ్యంలో ముక్కుపురుగులు మేం ఊరికే ఏరి పారేస్తాం. మా కోడలు జీతం తీసుకుని ఏరి దాస్తుంది" అనేది అత్తగారు, వచ్చినవాళ్ళందరితో. ఇమాస్‌కి కోపం వచ్చేది కాదు. తన పని తనకు ఇష్టం. కిటికీ పక్కన బల్ల, బయట వాన, ముందు వరసగా పిన్నులు. పదింటికి టీ. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, ఎండుచేప, కారం, పచ్చి ఆకులు. ఒక్క చీటీలో అక్షరం తప్పినా చింపి మళ్ళీ రాసేది. కొట్టివేత ఉన్న చీటీ ఆమె చేతి నుంచి ఒక్కటి కూడా వెళ్ళలేదు.

మాంగ్ సర్మద్ నెలలో ఇరవై రోజులు కొండల్లోనే ఉండేవాడు. ఒక వల, ఒక నల్ల గొడుగు, సంచీ నిండా సీసాలు. తిరిగొచ్చి, చిత్తు కాగితాల మీద పెన్సిలుతో రాసినవి ఆమె బల్ల మీద పోసేవాడు. ఆమె వాటిని చూసి చీటీలు ఎత్తి రాసేది. అలా ఏళ్ళ తరబడి జరిగింది. ఆయన కాలం చేసి కూడా ఇరవై రెండేళ్ళయింది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. చీటీలు అచ్చులో రావడం మొదలైంది. పాత చీటీలన్నిటినీ కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళు టైపు చేసి ఎక్కించేశారు. ఊరి పేరు కొడితే కంప్యూటరే పటం మీద ఒక ఎర్ర చుక్క పెట్టేది. ఇమాస్‌ని సొరుగుల బాధ్యతకు మార్చారు. ఏ పురుగు ఏ సొరుగులో ఉందో చెప్పడం, చీమలు పట్టకుండా చూడడం. రిటైరవడానికి పది నెలలు ఉందనగా నింగ్రుం అనే అమ్మాయి వచ్చింది.

నింగ్రుం నడిమి జావా పిల్ల, చదువుకున్న పిల్ల. చదువుకునే రోజుల నుంచే ఒకే ఒక్క ముక్కుపురుగు వెంట పడి, ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరింది. ఆ పురుగు వేలి కణుపంత ఉంటుంది. నల్లటి ఒళ్ళు, వీపు మీద రెండు వరసల పసుపు చుక్కలు, ఒంట్లో సగం ముక్కే. ప్రపంచం మొత్తం మీద మ్యూజియాల్లో ఉన్నవి నలభై మూడు. ఆ నలభై మూడూ ఇక్కడే, నూట పన్నెండో సొరుగులో ఉన్నాయి. అన్నిటి చీటీల మీదా ఒకటే ఊరు, చికొనెంగ్. పట్టింది సర్మద్. చివరిది పట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు పెట్టుకుని నింగ్రుం తినకుండా కూర్చుంది.

"ఏం నెంగ్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది ఇమాస్. ఆడపిల్లని నెంగ్ అనడం, పెద్దావిడని బు అనడం అక్కడి వాడుక.

"బాగానే ఉంది బు ఇమాస్. మూడేళ్ళు తిరిగాను ఆ చికొనెంగ్‌లో. అడవి లేదు, ఏమీ లేదు. క్యాబేజీ తోటలు, పట్నంవాళ్ళ బంగళాలు. పురుగు లేదని రాసేయమన్నారు పైవాళ్ళు. ఇక కనపడదు, అంతరించినట్టే అని. రేపు రాయడం మొదలుపెడతా."

"క్యాబేజీ తోటలా? ఏ చికొనెంగ్‌కి వెళ్ళావు నువ్వు?"

నింగ్రుం తలెత్తి చూసింది. "ఏ చికొనెంగ్ ఏంటి? ఒకటి కంటే ఎక్కువున్నాయా?"

"నాకు తెలిసి ఆరు."

సుండా సీమలో వాగున్న చోటల్లా ఊరి పేరు 'చి' తోనే మొదలవుతుంది. చి అంటే నీరు, కొనెంగ్ అంటే పసుపు. పసుప్పచ్చటి నీళ్ళు పారే వాగులు ఎన్ని ఉంటే అన్ని చికొనెంగ్‌లు. ఇక్కడ పుట్టినవాళ్ళకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. నింగ్రుం ఇక్కడ పుట్టలేదు. కంప్యూటర్ అసలే పుట్టలేదు. ఆరింటిలో అన్నిటికన్నా పెద్ద ఊరు చూసి చుక్క పెట్టేసింది.

ఇద్దరూ అన్నం అక్కడే వదిలేసి సొరుగు దగ్గరికి వెళ్ళారు. నింగ్రుం భూతద్దం పెట్టి చూసింది. "చికొనెంగ్ అని తప్ప ఇంకో మాట లేదు. జిల్లా అయినా రాయలేదు. ఎవరో గానీ చేతిరాత మాత్రం చాలా అందంగా ఉంది."

"నాదే" అంది ఇమాస్.

ఆ రోజు ఆమె ఇంటికి నడిచే వెళ్ళింది. మొగుడి వ్యాను ఎదురొచ్చి ఆగినా ఎక్కలేదు. మాంగ్ చిత్తు కాగితం మీద ఏం రాస్తే అదే ఎత్తి రాసింది. తప్పేం లేదు. కానీ ఏ చికొనెంగ్ మాంగ్ అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. కొట్టివేత లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో, నలభై మూడుసార్లు సగం మాటే రాసింది. బతికున్న పురుగునేమో తన చీటీలే చంపేసేట్టున్నాయి.

మర్నాడు నింగ్రుం బల్ల దగ్గరికి వెళ్ళి, "నువ్వు రాయబోయేది నెల రోజులు ఆపుతావా నెంగ్?" అంది.

"ఆపితే ఏం చేస్తారు?"

"మాంగ్‌ని అడుగుతాను."

"ఆయన పోయారు కదా."

"పోతే ఏం. ఆయన చీటీలు ఇక్కడే ఉన్నాయిగా."

ఇమాస్ ఆలోచన చాలా మామూలుది. మాంగ్ సర్మద్ ఒక్క ముక్కుపురుగులే పట్టలేదు. మిడతలు, సీతాకోకచిలుకలు, పేడపురుగులు, కందిరీగలు, ఏది కనిపిస్తే అది పట్టాడు. ప్రతిదానికీ తేదీ ఉంది. ఒక బడిపిల్లల నోటుబుక్కు తెచ్చుకుని, ఆయన పేరున్న ప్రతి సొరుగూ లాగి, తేదీల వారీగా ఊళ్ళు రాసుకుంటూ పోయింది. ముక్కుపురుగులు ముక్కుపురుగుల గదిలో, మిడతలు మిడతల గదిలో ఉంటాయి గనక ఇంతకు ముందు ఎవరూ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆరువందల పై చిలుకు పురుగులు. మూడు వారాలు పట్టింది. ఎనభై అయిదో సంవత్సరం దగ్గరికి వచ్చాక నింగ్రుంని పిలిచింది.

"ఇటు చూడు. మార్చి పదిన మిడత, సిందంగ్‌సారిలో. పదకొండున నీ ముక్కుపురుగు, చికొనెంగ్‌లో. పన్నెండున పేడపురుగు, మళ్ళీ సిందంగ్‌సారిలో. సిందంగ్‌సారి దక్షిణాన, సముద్రం దారిలో ఉంది. నువ్వు తిరిగిన చికొనెంగ్ ఉత్తరాన ఉంది. ఆ రోజుల్లో రెండు బస్సులు మారినా రెండు రోజుల ప్రయాణం. ఆయనకేమన్నా రెక్కలున్నాయా?"

నింగ్రుం నోటుబుక్కు లాక్కుంది. మాంగ్ తొమ్మిదిసార్లు చికొనెంగ్ వెళ్ళాడు. ఏడుసార్లు ముందూ వెనకా సిందంగ్‌సారే.

"మూడేళ్ళు నేను తప్పు ఊళ్ళో తిరిగాను" అంది ఆ పిల్ల మెల్లగా. తర్వాత నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వడం. "అయితే దొరికినట్టేనా?"

"ఇంకా లేదు. సిందంగ్‌సారి దగ్గర చికొనెంగ్‌లు రెండున్నాయి. ఎగువది, దిగువది. మధ్యలో కొండ. మాంగ్ దేనికి వెళ్ళాడో తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు."

ఆ మనిషి మాంగ్ సర్మద్ భార్య. నిని అర్సిహ్ అంటారు. నిని అంటే అవ్వ. ఎనభై ఆరేళ్ళు, చెవులు బాగానే వినిపిస్తాయి, నోరు ఇంకా బాగా పనిచేస్తుంది. బజారు వెనక సందులో మనవరాలి ఇంట్లో ఉంటుంది. ఇమాస్ తమలపాకులు, ఆకులో చుట్టిన పులిసిన కర్రపెండలం పట్టుకుని వెళ్ళింది.

"నిని, మాంగ్ రాసుకున్న పుస్తకాలు ఏమన్నా ఉన్నాయా?"

"ఉండేవి. పొయ్యి రాజేసేశాను. మంచి కాగితం, తడి రోజుల్లో కూడా ఇట్టే అంటుకునేది."

ఇమాస్ ఇంకో దారిలో అడిగింది. "ఆయన చికొనెంగ్ అనే ఊరు వెళ్ళేవారు, గుర్తుందా?"

ముసలామె వక్క నమలడం ఆపింది. "ఆ పేరు నా దగ్గర ఎత్తకు."

"ఎందుకని?"

"బెల్లం."

ఇమాస్ ఇంకో ఆకుకు సున్నం రాసి ఇచ్చింది. అడక్కపోయినా ముసలామె తనే చెబుతుందని తెలుసు.

"అక్కణ్ణుంచి వచ్చినప్పుడల్లా బెల్లం తెచ్చేవాడు. ఎండుటాకులో చుట్టిన నాలుగు అచ్చులు. ఎవరిచ్చారయ్యా అంటే, అక్కడొకావిడ కల్లు గీయించి బెల్లం కాస్తుంది, చాలా మంచి మనిషి అన్నాడు. పురుగుల సంగతి తప్ప ఇంకో సంగతి నోటంట రాని మనిషి. ఆడదాన్ని పట్టుకుని మంచిదంటాడా? ఒకసారి ఆయన ఇంకో వైపు వెళ్ళగానే, నేను ఆ ఊరికి బయల్దేరా."

"మీరొక్కరేనా?"

"మనవరాల్ని చంకనేసుకుని. సిందంగ్‌సారి సంతలో బస్సు దిగా. అక్కడ దారి రెండుగా చీలింది. ఎడమది పట్టుకుని ఎక్కడమే ఎక్కడం. వాగు మీద వెదురు వంతెన. మామూలుగా అయితే దాని మీద కాలు కూడా పెట్టేదాన్ని కాదు. కోపం దాటించింది."

"ఆవిడ కనిపించిందా?"

"కనిపించింది. మా అమ్మకంటే ముసలిది. నోట్లో పన్ను ఒక్కటి లేదు. నన్ను చూసి, పురుగులాయన పెళ్ళానివా తల్లీ, ఎండలో పడొచ్చావు, రా కూచో అని పీట వేసింది. ఇంక నేనేం అంటాను? బెల్లం తిని, ఇంకో నాలుగచ్చులు మోసుకుని వచ్చాను."

"మాంగ్‌కి చెప్పారా?"

"చెబుతానా? పోయేదాకా చెప్పలేదు. నీకే మొదట చెప్పడం. నువ్వు బజార్లో చెప్పకు."

ఎడమ దారి, ఎక్కడం, వెదురు వంతెన. అది ఎగువ చికొనెంగ్. ఇమాస్ నోటుబుక్కులో రాసుకుంది. ముసలామె కాళ్ళు ఒత్తి కాసేపు కూర్చుని వచ్చింది.

తర్వాతి ఆదివారం ముగ్గురూ బయల్దేరారు. మూడో మనిషి ఉండాంగ్. "నా బండికి బజారు, బస్టాండు తప్ప వేరే దారి తెలీదు. కొండ మధ్యలో ఆగిపోతే దిగి తోయాల్సింది మీరే, ముందే చెబుతున్నా" అన్నాడు. తెల్లవారకముందే కడిగి తుడిచి సిద్ధంగా పెట్టింది మాత్రం అతనే. దారిలో అరిటాకు పొట్లాలు విప్పారు. ఇమాస్ కారంలో అద్దుకుని రకరకాల పచ్చి ఆకులు తింటుంటే నింగ్రుం చూసి, "మీ సుండావాళ్ళని తోటలో వదిలితే సాయంత్రానికి కంచె కూడా మిగలదు" అంది.

"మీ వాళ్ళు కారప్పొడిలో కూడా చక్కెర కలుపుతారట కదా, అది నిజమేనా అమ్మా?" అన్నాడు ఉండాంగ్.

సంతలో దారి నిజంగానే రెండుగా చీలింది. వెదురు వంతెన చోట ఇప్పుడు సిమెంటు వంతెన ఉంది. దాన్ని దాటాక పొలాల మడులు మెట్లు మెట్లుగా ఉన్నాయి, గట్ల వెంట అల్లం జాతి హొంజె పొదలు. ఈ రకం ముక్కుపురుగులు ఉండేది అలాంటి వాటిలోనేనని నింగ్రుం చెప్పింది. ఆకులు మనిషికంటే ఎత్తు, మొదళ్ళ దగ్గర గులాబీ రంగు మొగ్గలు. ఆ మొగ్గ దంచితే పచ్చడికి వచ్చే పులుపూ వాసనా సుండా ఇళ్ళలో అందరికీ తెలుసు. నింగ్రుం గొడుగు తిరగేసి పొద కింద పట్టింది, ఇమాస్ కర్రతో కొట్టింది. చీమలు రాలాయి, సాలీళ్ళు రాలాయి, ఒక తొండ రాలింది. ముక్కుపురుగు మాత్రం రాలలేదు. పన్నెండింటిదాకా నలభై పొదలు కొట్టారు. నింగ్రుం ముఖంలో పాత దిగులు మళ్ళీ కమ్ముకుంటోంది. ఇంతలో వాన ముంచుకొచ్చింది. పరుగెత్తి ఒక బెల్లం పాకలో దూరారు.

పాకలో ఎనోక్ అనే నడివయసు మనిషి పొయ్యి మీద పెద్ద మూకుడులో చెట్టు నుంచి గీసిన రసం కలుపుతోంది. ఎవరు, ఏమిటి అని అడగకుండానే పీటలు వేసింది. ఉడికించిన కర్రపెండలం మీద బెల్లం కోరి ఇచ్చింది. తింటూ ఉండగా నింగ్రుం ఫోన్లో ఫొటో చూపించింది.

"ఇదా?" అంది ఎనోక్. "దీని కోసం పట్నం నుంచి వచ్చారా?"

"చూశావా నువ్వు?" అంది ఇమాస్.

"చూడకేం అక్కా. పొద్దున ఎండలో వెతికితే ఎక్కడ కనిపిస్తాయి? కాండం మొదట్లోకి దిగి దాక్కుంటాయి. వాన వెలిశాక మొగ్గ మీదికి ఎక్కుతాయి. నా బుట్టలో పడి ఇంటికి కూడా వస్తాయి. ఒకసారి పచ్చట్లో ఒకటి వచ్చిందని మా అత్త నెల రోజులు సాధించింది నన్ను."

నింగ్రుం ఇమాస్ వైపు చూసింది. ఉండాంగ్ మాత్రం, "మూడేళ్ళు వెతికింది దీని పచ్చడా?" అని ఇంకో కర్రపెండలం ముక్క తీసుకున్నాడు.

వాన వెలిసింది. పాక వెనకాలే, పది అడుగుల దూరంలో, మొదటి పొదలోనే ఉంది. గులాబీ మొగ్గ అంచున నల్లగా, పసుపు చుక్కలతో, ముక్కు మొగ్గలోకి దించి కూర్చుంది. నింగ్రుం మోకాళ్ళ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. ఇమాస్ చెయ్యి చాచగానే పురుగు అందులో రాలి పడింది. ఆరు కాళ్ళూ ముడుచుకుంది. కదలదు.

"అయ్యో, చచ్చిపోయిందా?" అన్నాడు ఉండాంగ్.

"నటిస్తోంది. కాసేపు ఆగండి" అంది నింగ్రుం.

ఇమాస్‌కి ఆ ముడుచుకున్న కాళ్ళు బాగా తెలుసు. ముప్ఫయ్యేడేళ్ళలో వేల పురుగుల్ని అలాగే చూసింది, పిన్ను మీద, చీటీ పైన. ప్రాణం ఉన్నదాన్ని చేతిలో పట్టుకోవడం ఇదే మొదటిసారి. వేలు కదపకుండా నిలబడింది. ఆకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. చాలాసేపటికి ఒక కాలు విచ్చుకుంది. తర్వాత ఇంకోటి. పురుగు లేచి, ముక్కుతో ఆమె అరచెయ్యి తడుముకుంటూ, మణికట్టు దాకా నడిచింది. ఇమాస్ నవ్వడం మొదలుపెట్టింది. మొదట చిన్నగా నవ్వింది, తర్వాత కళ్ళంట నీళ్ళు వచ్చేలా నవ్వింది.

"గిలిగింతలు పెడుతోందయ్యా" అంది మొగుడితో. "ఇన్నేళ్ళూ నాకు తెలీనే తెలీదు."

చీకటి పడేలోపు పొదల్లో ముప్ఫై దాకా లెక్కపెట్టారు. నింగ్రుం నాలుగింటిని సీసాలో వేసుకుంది. అది ఆమె పని, తప్పదు. ఇమాస్ చేతి మీదిదాన్ని మాత్రం ఇమ్మని అడగలేదు. ఇమాస్ దాన్ని మొగ్గ మీద దించింది.

మ్యూజియంలో తర్వాత జరిగినవి చిన్న పనులే, కానీ రోజులు పట్టాయి. నింగ్రుం, పురుగు లేదని రాయబోయిన చోట ఉందని రాసింది. ఎక్కడుందో ఎలా తెలిసిందన్న దగ్గర, తేదీల వరస, ఇమాస్ నోటుబుక్కు, సర్మద్ భార్య అర్సిహ్ చెప్పిన దారి అని మూడు ఆధారాలు ఇచ్చింది. డైరెక్టరు చదివి, "ఆ చివరి ఆవిడ ఆ ఊరు ఎందుకు వెళ్ళినట్టు?" అని అడిగాడు. "సొంత పని మీద సార్" అంది ఇమాస్. ఆయన ఇంకేం అడగలేదు.

పాత చీటీలు తీయకూడదు. అది నియమం. తప్పైనా, సగమైనా, ఉన్నది ఉన్నట్టే ఉండాలి, సవరణ కింద చేరాలి. అచ్చు వేయిస్తానంది నింగ్రుం. ఇమాస్ ఒప్పుకోలేదు. సన్నపాళీ కలం వెతికి తీసి, కళ్ళద్దాల మీద భూతద్దం పెట్టుకుని, నలభై మూడు నీలం చీటీలు తనే రాసింది. ఎగువ చికొనెంగ్, సిందంగ్‌సారి పైన, ఎడమ దారిన వంతెన దాటి. సవరించినది ఇమాస్, తేదీ. కళ్ళు త్వరగా అలిసిపోయేవి, అందుకని రోజుకు అయిదే. తొమ్మిదో రోజుకి పూర్తయ్యాయి. కొత్తగా తెచ్చిన నాలుగింటికి కూడా తనే రాసింది, ఈసారి జిల్లా పేరుతో సహా.

ఆ పది నెలలూ గడిచాక రిటైరైంది. కాఫీ పార్టీ ఇచ్చారు, ఒక గోడగడియారం ఇచ్చారు. ఇంటి దగ్గర కూర్చుంటుందనుకున్న ఉండాంగ్‌కి ఆ ముచ్చట రెండు వారాలే దక్కింది. మూడో వారం మంగళవారం పొద్దున్నే ఆమె అన్నం డబ్బా కట్టుకుని వ్యానెక్కి కూర్చుంది.

"ఎక్కడికి?" అన్నాడు.

"మ్యూజియానికి. నింగ్రుం రమ్మంది. మంగళ, గురువారాలు. పాత చీటీలు చదవడం కొత్తవాళ్ళకి నేర్పాలట."

ఇప్పుడూ వెళుతోంది. ఇద్దరు కొత్త అమ్మాయిలు ఆమె చెరో పక్కా కూర్చుని తేదీలు చదువుతుంటే ఆమె నోటుబుక్కులో వరస పెడుతుంది. ఈమధ్య సుకామాజు అన్న ఊరి చీటీల మీద పడ్డారు. ఆ పేరుగల ఊళ్ళు ఈ జిల్లాలోనే పదకొండు ఉన్నాయట. కంప్యూటర్ మాత్రం ఒక్కచోటే చుక్క పెట్టింది. ఇమాస్ ఆ మాట విని టీ ఇంకో గ్లాసు పోయించుకుని, మిడతల సొరుగు తీసుకురమ్మంది.